చలికి మొరాయించే బండి: దోషం ఎక్కడుంది?

డిసెంబరు నెల వచ్చిందంటే చాలు, మన్యం ఊళ్ళలో తెల్లవారుజామున కోడి కూసే వేళకే కిక్కులు కొట్టే చప్పుడు మొదలవుతుంది. లంబసింగి, చింతపల్లి, అరకు అనండి, ఇటు ఆదిలాబాదు వైపు అడవి ఊళ్ళనండి, ఎక్కడైనా ఇదే వరస. పది కిక్కులు కొట్టి, పదిహేను కిక్కులు కొట్టి, మోకాలు పట్టేసిన తర్వాత బండి ఆసామి నడుం మీద చేతులు పెట్టుకుని ఒకటే మాట అంటాడు: "చలికండీ, చలికి స్టార్టు కావటం లేదు." ఎనిమిదింటికి షాపు తెరిచిన మెకానిక్కు కూడా అదే మాట అంటాడు. అని ఊరుకోడు, ఒక ప్లగ్గు మారుస్తాడు, ఒక బ్యాటరీ మారుస్తాడు, కార్బురేటరు విప్పుతాడు. ఈలోగా ఎండ వస్తుంది, బండి స్టార్టవుతుంది, డబ్బు చేతులు మారుతుంది. మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ మామూలే.

"చలికి" అన్న ఆ ఒక్క మాటను కొంచెం పరీక్ష చేసి చూద్దామని ఈ వ్యాసం. మనలో మెకానికల్ వాళ్ళున్నారు, తెలుగు ఎం.ఎ. వాళ్ళున్నారు. ఇద్దరికీ బండ్లున్నాయి గనుక ఇద్దరికీ అర్థమయ్యేటట్టే రాస్తాను. మధ్యలో ఒకచోట మాత్రం చిన్న లెక్క వస్తుంది, భయపడనక్కరలేదు.

అసలు మనకున్న చలి ఎంత? ఆదిలాబాదు ప్రాంతంలోనూ, మన్యంలోనూ బాగా చలిపడిన రోజుల్లో అయిదారు డిగ్రీలు. లంబసింగిలో ఎప్పుడైనా సున్నా దగ్గరకు దిగిందంటారు. లడఖ్‌లోని ద్రాస్‌లో శీతాకాలంలో సున్నాకి కింద ఇరవై డిగ్రీలు మామూలు మాట. అక్కడా మనుషులు బండ్లు నడుపుతున్నారు. అయిదు డిగ్రీల చలికి సక్రమంగా ఉన్న ఇంజను ఏదీ ఆగిపోకూడదు. ఆగిపోయిందంటే అందులో ముందే ఒక లోపం ఉన్నదన్నమాట. ఎండాకాలంలో ఆ లోపం కప్పిపడి ఉంటుంది. చలి పరీక్షాధికారి లాంటిది, చదవని పాఠంలోంచే ప్రశ్న అడుగుతుంది. కాబట్టి "చలికి" అని ఊరుకోకుండా "చలికి ఏది ఓడిపోయింది?" అని అడగాలి. రోగనిర్ణయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

పెట్రోలు ఇంజను అంటుకోవటానికి నాలుగు కావాలి. తగినంత వేగంగా తిరగాలి. గాలీ పెట్రోలు ఆవిరీ సరైన పాళ్ళలో లోపలికి రావాలి. దాన్ని పిస్టను గట్టిగా నొక్కాలి. సమయానికి నిప్పురవ్వ పడాలి. చలి ఈ నాలుగింటి మీదా చెయ్యి వేస్తుంది గాని, మొదటి రెండింటి మీద ఎక్కువ.

తిరగటం సంగతి ముందు చూద్దాం. సెల్ఫు బటను నొక్కగానే వినిపించే చప్పుడే సగం రోగం చెబుతుంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టినంత శ్రద్ధగా వినాలి. ఒక్క "టక్" అని ఊరుకుంటే ఒక సంగతి, "టకటకటక" అని కొట్టుకుంటే ఇంకో సంగతి, "ఊఁ... ఊఁ... ఊఁ" అని మూలుగుతూ తిరిగితే మరో సంగతి. హుషారుగా గిర్రున తిరుగుతూ కూడా అంటుకోకపోతే అది పూర్తిగా వేరే కథ. ఆ కథలో బ్యాటరీని నిందించి ప్రయోజనం లేదు.

మూలిగే బండికీ, టకటకలాడే బండికీ ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. హెడ్‌లైటు వేసి గోడ మీద వెలుతురు చూస్తూ సెల్ఫు నొక్కండి. లైటు దాదాపు ఆరిపోయేంతగా కుంగిందా, కరెంటు చాలటం లేదు. బ్యాటరీ నీరసించిందన్నా అవ్వాలి, దాని టెర్మినల్ వదులన్నా అవ్వాలి. లైటు ఏమీ చలించకుండా వెలుగుతూనే ఉండి ఇంజను కదలలేదా, కరెంటు ఉన్నా స్టార్టరు దాకా పోవటం లేదు. అప్పుడు స్విచ్చో, రిలేయో, బైకయితే క్లచ్చు దగ్గరి స్విచ్చో, సైడు స్టాండు స్విచ్చో చూడాలి. స్టాండు వేసి ఉంచి అరగంట సెల్ఫు నొక్కిన ఘనులు మన హాస్టళ్ళలో లేకపోలేదు.

బ్యాటరీ చలికి ఎందుకు నీరసిస్తుంది? లోపల జరిగేది రసాయన చర్య. వేడి తగ్గితే ఏ రసాయన చర్య అయినా మందగిస్తుంది. ఎండపూట నూరు పాళ్ళ బలమిచ్చే లెడ్ యాసిడ్ బ్యాటరీ సున్నా డిగ్రీల దగ్గర సుమారు మూడింట రెండు వంతులే ఇస్తుంది. అదే సమయానికి ఇంజను ఆయిలు చిక్కబడి కూర్చుంటుంది. పొయ్యి మీద జారే బెల్లంపాకం దించిన కాసేపటికి ఎలా గరిటెకు అంటుకుంటుందో అలాగన్నమాట. అంటే ఎద్దు బలహీనపడిన రోజునే బండి బరువు పెరిగింది. ఆయిలు డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని ఉంటుంది చూశారా, ఆ డబ్ల్యూ అక్షరం ఇంగ్లీషులో శీతాకాలానికి గుర్తు. దాని ముందున్న అంకె ఎంత తక్కువయితే చలిలో ఆయిలు అంత పలచగా పారుతుంది. మీ బండి కంపెనీ 10డబ్ల్యూ-30 పొయ్యమని పుస్తకంలో రాస్తే, "అది పలచన, ఇంజను పాడవుతుంది" అని చిక్కని ఆయిలు పోసే మేస్త్రీ మాట వినకండి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మన దేశంలో బ్యాటరీని చంపేది చలి కాదు, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బానెట్టు కింద ఉడికిపోయి, నీళ్ళు ఇగిరిపోయి, లోపలి ప్లేట్ల సీసపు చట్రాలు తినేసి బ్యాటరీ సగం చచ్చి ఉంటుంది. వేడికి రసాయన చర్యలు హెచ్చుతాయి, తుప్పు కూడా రసాయన చర్యే గదా. వేసవిలో తిరగటం తేలిక కాబట్టి ఆ సగం ప్రాణంతోనే నెట్టుకొస్తుంది. డిసెంబరులో ప్రాణం పోతుంది. గాయం మేలో, చావు డిసెంబరులో. అందుచేత వేసవి చివర ఒకసారి డిస్టిల్డ్ వాటరు చూసుకుని పోసుకున్నవాడికి శీతాకాలంలో సగం బాధ తప్పుతుంది.

మల్టీమీటరు ఉన్నవాళ్ళు రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే వోల్టేజీ చూడాలి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12 లోపలికి దిగితే ఛార్జింగుకు పెట్టాలి. ఇంతటితో ఆగకూడదు. సెల్ఫు నొక్కుతుండగా కూడా చూడాలి. కారు బ్యాటరీ అప్పుడు తొమ్మిదిన్నర వోల్టుల కిందికి కుంగిపోతే, విశ్రాంతిలో 12.6 చూపించినా దాన్ని నమ్మకూడదు. పడుకున్నప్పుడు అందరూ ఆరోగ్యవంతులే.

మరి బ్యాటరీ కొత్తదై కూడా మూలిగితే? మన్యంలో సర్వీసు జీపు ఒకటి ఇలాగే చేసింది. ఆ చుట్టుపక్కల గూడేలకు అదే బస్సు, అదే లారీ, రాత్రివేళ అదే ఆసుపత్రి బండి. చలికాలం వచ్చినప్పటి నుంచీ తెల్లవారుజామున సెల్ఫు అందుకోవటం లేదు. ఓనరు అప్పు చేసి కొత్త బ్యాటరీ వేయించాడు. వారం బాగుంది, మళ్ళీ మొదటికి వచ్చింది. స్టార్టరు విప్పించి బుష్‌లు మార్పించాడు. అదీ అంతే. ఒక రాత్రి నొప్పులు పడుతున్న మనిషిని ఎక్కించుకుని, పదిమంది కలిసి వాలు దాకా తోసుకుపోవలసి వచ్చింది. వాలు ఉంది కాబట్టి సరిపోయింది. చివరకు దోషం ఎక్కడ దొరికిందయ్యా అంటే, ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్యనుండే ఎర్తు పట్టీలో. జడలాగా అల్లిన రాగి పట్టీ అది. లోపల పచ్చగా చిలుము పట్టి, పోగులు తెగి, మూడో వంతు మిగిలింది. పట్టీ ఖరీదు భోజనం ఖరీదు కంటే ఎక్కువ కాదు.

ఆ దోషాన్ని రెండు నిమిషాల్లో పట్టుకోవచ్చు. మీటరు ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో తీగ ఇంజను ఇనుము మీద రంగులేని చోట పెట్టి సెల్ఫు కొట్టించాలి. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే ఎర్తు చెడింది. స్టార్టరు లాగే కరెంటు వంద ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంటుకి ఓములో వందో వంతు నిరోధం అడ్డుపడినా ఒక వోల్టు అక్కడే పోతుంది. ఓమ్ సూత్రం మనం పదో తరగతిలోనే చదివాం. ఆ జీపు ఓనరుకు బ్యాటరీ అమ్మినవాళ్ళూ, స్టార్టరు విప్పినవాళ్ళూ ఎవరూ ఈ ఒక్క కొలత తీయలేదు. నాకు బాధ కలిగించేది అదే. విప్పటం వచ్చినంతగా కొలవటం మన షాపుల్లో రాలేదు.

పోతే, ఇంజను చక్కగా తిరుగుతూ అంటుకోని కథ. ఇక్కడ ముక్కు పనిచేయాలి. ఏడెనిమిది కిక్కుల తర్వాత సైలెన్సరు దగ్గర వాసన చూడండి. పెట్రోలు వాసనే లేకపోతే పెట్రోలు అందటం లేదు: కాక్ మూసి ఉందేమో, ఫిల్టరు, జెట్టు పూడుకున్నాయేమో. గుప్పున వాసన వస్తుంటే పెట్రోలు వస్తున్నది, రవ్వ పడటం లేదు. లేదా పెట్రోలు మరీ ఎక్కువై ప్లగ్గు తడిసింది.

చోక్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. పెట్రోలు ద్రవంగా ఉన్నంతసేపు మండదు, ఆవిరే మండుతుంది. బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి సరిపోతుంది. కాని చల్లటి ఇంజనులో వచ్చిన పెట్రోలులో చాలా భాగం గొట్టం గోడలకు చెమటలా పట్టి ఉండిపోతుంది. నిజంగా ఆవిరయ్యేది కొంచెమే. చోక్ గాలికి అడ్డం పడి పెట్రోలు పాలు పెంచుతుంది, గోడలకు పోయినంత పోగా మిగిలిన ఆవిరి అంటుకోవటానికి చాలుతుంది. కాబట్టి చలిపూట చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటరు ముట్టుకోకుండా కిక్కు కొట్టాలి. మనవాళ్ళు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు: చోక్ మరచిపోయి యాక్సిలరేటరు పిండుతారు. రైజు చేస్తే దారి పూర్తిగా తెరుచుకుని చోక్ చేసే పీల్పు తగ్గిపోతుంది. అంటుకున్న తర్వాత చోక్ మెల్లగా వదిలెయ్యాలి, లేకపోతే ప్లగ్గుకు మసి పడుతుంది. ఆ మసే రేపటి పొద్దుటి రోగం.

ఓవరయిన బండికి చోక్ మూసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి, ఓ పది కిక్కులు కొడితే లోపలి తడి పోతుంది. ప్లగ్గు విప్పితే దాని ముక్కు మీద రాత ఉంటుంది. పొడిగా ఉంటే పెట్రోలు రాలేదు, తడిసి ఉంటే రవ్వ పడలేదు, నల్లటి మసి ఉంటే చాలా రోజులుగా పెట్రోలు ఎక్కువ పోతున్నది, లేత కాఫీ రంగయితే దాని తప్పేమీ లేదు. రవ్వ పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గును ఇంజను లోహానికి ఆనించాలి గాని, ప్లగ్గు విప్పిన రంధ్రానికి దూరంగా పెట్టాలి. ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. నీలంగా, చిటపటమనే రవ్వ కావాలి. ఎర్రగా, బద్ధకంగా పడే రవ్వ బయట కనిపించినా లోపల ఒత్తిడిలో ఆరిపోతుంది. అరకు లాంటి చోట మంచు కురిసిన పొద్దున ప్లగ్గు క్యాపు లోపలా, దాని వైరు మీదా తేమ పట్టి రవ్వ దారి తప్పుతుంది. అప్పుడు పొడిగుడ్డతో తుడవటమే వైద్యం. దీన్ని కూడా చలి అనే అంటారు గాని ఇది తేమ.

కార్బురేటరు రోజులు చాలావరకు పోయినయ్. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 వచ్చిన తర్వాత కొత్త బండ్లన్నిటికీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజక్షనే. వీటికి మనం లాగే చోక్ లేదు. ఇంజను ఎంత చల్లగా ఉందో సెన్సారు చెబుతుంది, దాన్నిబట్టి పెట్రోలు ఎంతసేపు చిమ్మాలో కంప్యూటరు లెక్క వేస్తుంది. ఆ సెన్సారు అబద్ధం చెప్పి "ఇంజను వేడిగానే ఉంది" అంటే పొద్దున్నే పెట్రోలు చాలదు, మధ్యాహ్నం మాత్రం బండి బంగారంలా నడుస్తుంది. కొత్త బండి తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు సెకన్ల పాటు "జుయ్" మని పంపు చప్పుడు రావాలి. అది వినకుండా సెల్ఫు నొక్కేవాళ్ళే ఎక్కువ. ఆ చప్పుడు రాకపోతే ఫ్యూజు చూడండి. ఇంకోటి, బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఇంజక్షను బండిని ఎంత తోసినా లాభం లేదు. పంపుకూ కంప్యూటరుకూ కరెంటు లేనిదే పెట్రోలు రాదు.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ చలిలో ఆవిరి కావటానికి మొండికేస్తుంది. బ్రెజిల్లో ఒట్టి ఇథనాల్‌తో నడిచే కార్లు చేసినప్పుడు, చలిపూట స్టార్టు చేయటానికని బానెట్టు కింద చిన్న పెట్రోలు ట్యాంకు వేరే పెట్టారు. మన 20 శాతానికి అంత అవసరం లేదు. కాని ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీరు హద్దు మీరితే రెండూ కలిసి ట్యాంకు అడుక్కి చేరతాయి. నెలరోజులు కదలకుండా పడి ఉన్న బండిని పండక్కి ఊరెళ్ళి కిక్కు కొట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక డీజిలు. దీనికి ప్లగ్గు రవ్వ లేదు, గాలిని నొక్కితే పుట్టే వేడే నిప్పు. ఇక్కడే నేను ముందు చెప్పిన లెక్క. కంప్రెషన్ నిష్పత్తి 18 అనుకోండి, బయట గాలి 5 డిగ్రీలు, అంటే 278 కెల్విన్. వేడి ఎక్కడికీ పోకుండా నొక్కితే, గామా 1.4 వేసి చూస్తే, చివర 610 డిగ్రీల సెంటిగ్రేడు వస్తుంది. పుస్తకంలో ఇంజను గదా. అసలు ఇంజనులో చల్లటి సిలిండరు గోడలు వేడిని తాగేస్తాయి. ఘాతాంకం 1.3కు తగ్గితే 390 డిగ్రీలే. బ్యాటరీ నీరసించి ఇంజను మెల్లగా తిరిగి, రింగులు అరిగి గాలి కారిపోయి, అది 1.2కు పడితే దాదాపు 220. డీజిలు తనంతట తాను అంటుకోవటానికి కావలసిన వేడి అటూ ఇటూగా అంతే! అందుచేతనే డీజిలు బండికి "మెల్లగా తిరగటం" అనేది ఒక్క బ్యాటరీ సమస్యగా ఉండిపోదు, నిప్పు సమస్య అయిపోతుంది. పొలంలో పాతకాలపు ఆయిలింజను తిప్పే రైతు డీకంప్రెషన్ లీవరు ఎత్తిపట్టి, హ్యాండిలు బాగా వేగం అందుకున్నాకే లీవరు వదులుతాడు. ఆయన గామా విలువ చదవలేదు గాని చేసేది అదే.

డీజిలు బండికి రోగనిర్ణయం పొగతో. సెల్ఫు తిరుగుతుంటే వెనక తెల్లపొగ వస్తున్నదా? డీజిలు లోపలికి వస్తున్నది, అంటుకోవటం లేదు. హీటరు ప్లగ్గులు చూడాలి, నాలుగింటిలో రెండు పోయినా చలిపూట బాధే. డ్యాష్‌బోర్డు మీద చుట్టలాంటి పసుపు దీపం ఆరేదాకా ఆగి ఆ తర్వాత సెల్ఫు కొట్టాలన్నది చాలామంది పాటించరు. పొగే లేదా? డీజిలే రావటం లేదు, ఫిల్టరు పూడింది లేదా లైనుకు ఎయిర్ పట్టింది. హీటరు ప్లగ్గులున్న ఇంజనులోకి ఈథరు స్ప్రే కొట్టటం మాత్రం ప్రమాదం. ఎర్రగా కాలిన ప్లగ్గు మీద పడి సమయం కాని సమయంలో పేలుతుంది. అలాగే మూసిన షెడ్డులో ఇంజను వేడెక్కనిద్దామని ఆన్ చేసి ఉంచకూడదు, కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. జంపరు తీగలు వేసేటప్పుడు చివరి నెగెటివ్ క్లిప్పు చచ్చిన బ్యాటరీ మీద కాకుండా దూరంగా ఇంజను ఇనుముకు తగిలించాలి, బ్యాటరీ దగ్గర హైడ్రోజను ఉంటుంది, రవ్వ చాలు.

నిజంగా చలే దోషి అయిన సందర్భం ఒకటి ఉంది, అది మన ఊళ్ళలో రాదు, ఉత్తరాదికి పోయే మన లారీ డ్రైవర్లకు వస్తుంది. పొద్దున్నే కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు డీజిలులోని మైనం చలికి తెలుపెక్కి ఫిల్టరును కప్పేస్తుంది. అందుకే భారత ప్రమాణాల్లో డీజిలు పారటం ఆగే హద్దు శీతాకాలానికి 3 డిగ్రీలు, వేసవికి 15 డిగ్రీలు అని వేరువేరుగా పెట్టారు. లడఖ్‌కు అదీ చాలదు కనుక ఇండియన్ ఆయిల్ వారు సున్నాకి కింద 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిలు 2019 నవంబరులో అక్కడ అమ్మటం మొదలుపెట్టారు. వేడి ప్రదేశంలో ట్యాంకు నింపుకుని చలి ప్రదేశానికి ఎక్కేవాడు దారిలో చలి మొదలయ్యే ఊళ్ళోనే కొంత కొత్త డీజిలు పట్టించి కలుపుకోవటం మంచిది. గడ్డకట్టాక మాత్రం ట్యాంకు కింద మంట పెట్టే ఆచారం ఒకటుంది, దానివల్ల లారీలే తగలబడ్డాయి. ఫిల్టరు చుట్టూ గోనెగుడ్డ కప్పి వేడినీళ్ళు పోస్తే చాలు, మైనం కరిగిపోతుంది. ఆ తర్వాత పంపు చేత్తో కొట్టి, గాలి బుడగలు పోయేదాకా డీజిలు కారనిచ్చి, అప్పుడు సెల్ఫు నొక్కాలి.